అక్క బోరింగుకు ఎర్ర రంగు

ఆ వీధిలో ఎవరినడిగినా బోరింగక్క ఇల్లు చూపించేవాళ్ళు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. పెళ్ళయి కాపురానికొచ్చిన కొత్తలో మొగుడు పెరట్లో వేయించిన చేతిపంపు ఆవిడ పేరు మింగేసి తన పేరు తగిలించేసింది. చుట్టుపక్కల బోరింగులు లేక కాదు. కొన్నిటి నీళ్ళు ఉప్పన, కొన్నిటివి తుప్పు వాసన. ఆవిడ బోరింగు నీళ్ళు మాత్రం తేనె. గ్లాసులో పోస్తే గ్లాసు ఖాళీగా ఉందేమో అనిపించేంత తేట. అందుకని తెల్లవారితే చాలు, వీధిలోని బిందెలన్నీ ఆవిడ పెరట్లోనే ఉండేవి. బిందెలతోపాటు ఆడవాళ్ళూ, ఆడవాళ్ళతోపాటు ఊసులూ. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి మొగుడు ఉద్యోగం మానేశాడో అన్నీ ముందు ఆ గచ్చు మీదే తేలేవి. ఆవిడ మెట్టు మీద కూర్చుని అందరికీ తగువులు తీర్చేది, కొన్ని పెట్టేది కూడా.

ఆవిడ తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. అమ్మ పోయినప్పుడు ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. అక్క తనతో తెచ్చుకుని పెంచింది, పెళ్ళి చేసింది, నాలుగిళ్ళ అవతల కాపురం పెట్టించింది. పని నేర్చుకున్నాక అతని చేతికి తిరుగు లేకపోయింది. సుద్ద పూసిన తాడు గోడ మీద లాగి వదిలితే సన్నని గీత పడేది. ఆ గీత మీద అక్షరాలను బారులు తీర్చి నిలబెట్టేవాడు. మందుల కొట్లు, సైకిలు షాపులు, లారీల వెనక తలుపులు, బడి గోడలు అన్నిటి మీదా అతని చేతిరాతే. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికి నిలువెత్తు బొమ్మతో బోర్డు తయారు. కుంచె పట్టినవాణ్ణి పిలిచే నాథుడు లేకుండా పోయాడు. తలుపులకీ కిటికీలకీ రంగులేసుకుంటూ కాలక్షేపం చేస్తున్న రోజుల్లో నీళ్ళ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊళ్ళో బోరింగులన్నీ పరీక్ష చేస్తారట. మంచి నీళ్ళొచ్చేవాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు. పరీక్ష చేసే అమ్మాయి వెంట తిరిగి ఆవిడ చెప్పిన రంగు వేయాలి. చాన్నాళ్ళకి కుంచెకి పని దొరికిందని సంతోషించాడు.

అమ్మాయి చిన్నది, మాట మెత్తన. సీసాలో నీళ్ళు పట్టి, ఏదో పొడి వేసి, మూతలో చిన్న కాగితం ముక్క బిగించి పక్కన పెట్టేది. కాగితం తెల్లగా ఉంటే సరే. పసుపు తిరిగితే అనుమానం. గోధుమరంగుకి వచ్చిందా, ఎర్ర డబ్బా మూత తీయాల్సిందే. రెండు వీధులు అయ్యాయి. ఎర్రవాటికన్నా ఆకుపచ్చవే తక్కువ. మూడో వీధి అక్కది.

అక్క ఆ అమ్మాయికి కుర్చీ వేసి, టీ పెట్టిచ్చింది. టీ తాగడం అయ్యేలోపు కాగితం రంగు మారింది. పెయింటరు అన్నాళ్ళూ రంగులతో బతికినవాడు. అంత ముదురు రంగు ఆ ఊళ్ళో ఇంకే సీసా మూతలోనూ చూడలేదు. అమ్మాయి కప్పు కింద పెట్టేసింది.

"అమ్మగారూ, ఈ నీళ్ళు ఇంక తాగకండి. వీటిలో ఆర్సెనిక్ ఉంది."

"అంటే ఏంటమ్మా?"

"పాషాణం అంటారు చూడండి, అది. భూమి లోపలి మట్టిలోంచే ఊరుతుంది. కంటికి కనపడదు, నాలుక్కి తెలీదు."

అక్క పగలబడి నవ్వింది. "పాషాణమైతే నేనీపాటికి ఎన్నిసార్లు చచ్చుండాలి! చూడు, గుండ్రాయిలా ఉన్నా."

"ఒక్కసారిగా చంపదండీ. ఏళ్ళు పడుతుంది. ముందు అరిచేతులూ అరికాళ్ళూ గట్టిపడి కాయలు కాస్తాయి. ఛాతీ మీద చినుకులు పడ్డట్టు మచ్చలొస్తాయి. ఆ తర్వాత లోపల..."

అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోతోంది. పాపం, ఆవిడకేం తెలుసు. అక్క నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పెయింటరు అక్క వంక చూడలేక బోరింగు వంక చూశాడు. ఇద్దరికీ ఒక్క మనిషి చేతులే కళ్ళముందు కదిలాయి.

బావ తాపీమేస్త్రి. పోయి కొన్నేళ్ళయింది. అరిచేతులు మొద్దుబారి ముళ్ళు తేలితే సిమెంటు తినేసిందన్నారు. ఛాతీ మీద మచ్చలొస్తే ఎండ అన్నారు. అరికాళ్ళు పగిలి మానకపోతే చెప్పులు మార్చమన్నారు. చివరికి మూత్రంలో రక్తం పడి, మంచం పట్టి, మనిషి పుల్లయిపోయాడు. తిండి సయించేది కాదు. అక్క పక్కనే కూర్చుని, తల ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో నీళ్ళు పోసేది. "మన నీళ్ళే మందు. తాగండి, తాగండి" అని బతిమాలేది. ఆయన ఆవిడ మాట ఏనాడూ తీసెయ్యలేదు, అప్పుడూ తీసెయ్యలేదు.

"వెయ్యకురా," అంది అక్క, తమ్ముడు ఎర్ర డబ్బా మూత తీస్తుంటే.

"ఆఫీసువాళ్ళు వెయ్యమన్నారక్కా."

"నీకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది ఆఫీసువాళ్ళా, నేనా?"

అతను బోరింగు ముందు గొంతుక్కూర్చున్నాడు. గరుకు కాగితంతో తుప్పు రుద్దాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. మొక్కుబడిగా నాలుగు గీతలు లాగి వచ్చేద్దామనుకున్నాడు గానీ చెయ్యి వినలేదు. పనిలో చెయ్యి పడితే దాని దారిన అది పోతుంది. పిడి దగ్గర్నుంచి గచ్చు దాకా, ఎక్కడా చారిక లేకుండా, నిగనిగలాడేట్టు వేశాడు. లేచి చూస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"పాషాణం నా నీళ్ళల్లో లేదురా. నీ గుండెల్లో ఉంది," అని తలుపేసుకుంది.

మర్నాటి నుంచి ఆ పెరట్లోకి బిందె రాలేదు. వీధి మొత్తానికి ఆకుపచ్చ రంగు పడింది పిండిమర ఆయన బోరింగుకి ఒక్కదానికే. ఆ నీళ్ళు ఉప్పన. టీ విరిగిపోయేది, గింజ ఉడికేది కాదు. అయినా ప్రాణాల మీద తీపితో అందరూ అక్కడికే పరిగెత్తారు. పిండిమర వాకిట్లో వరస వీధి మలుపు దాటేది. మొదట్లో పిండిమర ఆయన పెళ్ళివారిని పలకరించినట్టు అందరినీ పలకరించేవాడు. నెల తిరగలేదు, పలకరింపులు కేకలయ్యాయి. పొద్దస్తమానం కొట్టేసరికి బోరింగు వాషర్లు అరిగిపోయేవి. గచ్చు బురదయ్యేది. వరసలో జుట్లు పట్టుకునేవాళ్ళు. పిండి పట్టించుకోడానికి వచ్చేవాళ్ళకి దారి ఉండేది కాదు.

"పెయింటరూ," అన్నాడాయన ఓ రోజు, చొక్కా నిండా పిండితో. "ఆ ఎర్ర డబ్బాలో ఏమన్నా మిగిలుంటే తెచ్చి నా దానికీ పూసెయ్యవయ్యా. పీడా పోతుంది."

పెయింటరు నవ్వాడు. పిండిమర ఆయన నవ్వలేదు. ఆ వారంలోనే గేటుకి తాళం పడింది. పొద్దున కాసేపు తీస్తాడు, దొరికినవాళ్ళకి దొరికినట్టు.

ఆఫీసువాళ్ళు ఊరుకున్నారని అనడానికి లేదు. వీధి చివర నీళ్ళు శుభ్రంచేసే మిషను పెట్టారు. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఓ వేసవి నడిచింది. లోపల ఏదో ఇసుకలాంటిది మార్చాలట, మార్చేవాళ్ళు రాలేదు. పిల్లలు దాని నిచ్చెన ఎక్కి ఆడుకునేవాళ్ళు. తర్వాత గొట్టాలు వేస్తామని వీధి తవ్విపోశారు. ఇంటింటికీ కుళాయి బిగించారు. కుళాయి తిప్పితే ఈల వేసినట్టు గాలి వచ్చేది. ఆ ఈల విని పిల్లలు ఎగిరి గంతేసేవాళ్ళు, ఇంకాసేపట్లో నీళ్ళొస్తాయని. ఏడాది పోయాక పిల్లలు కూడా గంతెయ్యడం మానేశారు.

అక్క మాత్రం ఎక్కడికీ పోలేదు. తన బోరింగు తనే కొట్టుకుని, తన నీళ్ళు తనే తాగింది. తమ్ముడి పెళ్ళాం పిండిమర నీళ్ళు బిందెడు మోసుకెళ్ళి గుమ్మంలో పెడితే, ఆ నీళ్ళతో వాకిలి కడిగేది.

"వదినా, కాళ్ళు పట్టుకుంటా, ఇవి తాగు," అని ఏడ్చేది మరదలు.

"ఆ ఉప్పు నీళ్ళు మీరు తాగండమ్మా, మీరు నాలుక్కాలాలపాటు బతకాల్సినవాళ్ళు."

ఓ మధ్యాహ్నం పెయింటరే వెళ్ళాడు. మాటలు లేక అప్పటికి చాన్నాళ్ళు. అక్క మెట్టు మీద కూర్చుని ఉంది, ఖాళీ గచ్చు వంక చూస్తూ.

"అక్కా, నన్ను తిట్టు, కొట్టు. ఆ నీళ్ళు మానెయ్యి."

"మానేస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"బతుకుతావు."

"కాదురా పిచ్చోడా." గొంతు పెంచలేదు. "మానేశాననుకో, అవి విషమని నేను ఒప్పుకున్నట్టే కదా. అవి విషమైతే మీ బావకి చెంచాతో విషం పోసింది ఎవర్రా? ఆయన వద్దంటే బతిమాలి పోసింది ఎవరు? నీ చిన్నప్పుడు నీ నోట్లో పోసింది ఎవరు? చెప్పు. చెప్పి, అప్పుడు మానెయ్యమను."

అతను మెట్టు మీద పక్కన కూర్చున్నాడు. అక్క లోపలికెళ్ళి అలవాటుకొద్దీ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, తమ్ముడి ముఖం చూసి, తనే తాగేసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ కోడలి వైపు నుంచి వచ్చింది. అక్క కొడుకు బస్సు డ్రైవరు, పెళ్ళాంతో ఆ ఇంట్లోనే ఉండేవాడు. అతనికి నడక నేర్చుకుంటున్న కూతురు. కోడలు డ్యూటీకెళ్ళే మొగుడి చేత ఎక్కడెక్కడి నుంచో డబ్బాలతో నీళ్ళు తెప్పించి పిల్లకి పట్టేది. ఒకనాడు డబ్బా నిండుకుంది, ఎండ మండిపోతోంది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నానమ్మ ప్రాణం ఆగలేదు. బోరింగు నీళ్ళు తెర్లగాచి, చల్లార్చి, పట్టింది. బజారు నుంచి వచ్చిన కోడలు గిన్నె చూసింది.

"ఎక్కడివి అత్తయ్యా ఈ నీళ్ళు?"

"మరిగించానమ్మా. బాగా మరిగించాను, సగానికి సగం ఇగిరేదాకా!"

కోడలు అరవలేదు, పోట్లాడలేదు. గిన్నె తీసి ఆ నీళ్ళు పెరట్లో పారబోసింది. రెండు రోజులకల్లా సామాను సర్దుకుని ఊరి అవతల అద్దె గదికి వెళ్ళిపోయారు. అక్క తమ్ముడింటికి వచ్చింది, ఎర్ర రంగు వేశాక మొదటిసారి.

"మరిగించాను కదరా. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయని టీవీలో చెప్పలేదూ?"

"ఇది జీవి కాదక్కా, చావడానికి. మరిగిస్తే నీళ్ళు తగ్గుతాయి, అది తగ్గదు. ఇంకా చిక్కబడుతుంది," అన్నాడు. అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అక్క చెంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా జరుగుతుండగా పెయింటరు చేతులు మెల్లిగా అతని చెప్పుచేతల్లోంచి జారిపోతున్నాయి. మొదట వేళ్ళ కొసలు తిమ్మిరి. టర్పెంటైన్ పడలేదేమో అనుకుని కొబ్బరినూనె రాశాడు. అరిచేతుల్లో గింజల్లాంటి గట్టి కాయలు తేలాయి. అప్పుడు తెలిసింది, తెలిసినా ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం చెయ్యి పట్టుకుని చూసి, ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరు చేతులు తిప్పి తిప్పి చూశాడు. చొక్కా విప్పించి ఛాతీ చూశాడు.

"ఏ నీళ్ళు తాగుతారు?"

"చిన్నప్పట్నుంచీ మా అక్క బోరింగువి. ఇప్పుడు మానేశానండీ."

"మంచిది."

"తగ్గుతుందాండీ?"

"మానేశారు కదా. పెరక్కుండా ఉంటుందేమో చూద్దాం," అన్నాడు డాక్టరు. 'ఏమో' దగ్గర ఆయన గొంతు తగ్గింది. బయట బెంచీ నిండా జనం. పెయింటరు వాళ్ళ చేతుల వంక చూసుకుంటూ బయటికి నడిచాడు.

పాత పరిచయం కొద్దీ సైకిలు షాపాయన బోర్డు రాయమని ఇచ్చాడు. తాడు లాగి గీత కొట్టేదాకా బాగానే ఉంది. కుంచె ఎంత గట్టిగా పట్టాడో, వదులుగా పట్టాడో వేళ్ళకి తెలియడం లేదు. అక్షరాలు గీత మీద నిలబడలేదు, తాగినవాళ్ళలా ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. తుడిచి రాశాడు, మళ్ళీ తుడిచాడు. సైకిలు షాపాయన చూసి "బాగానే ఉందిలే" అన్నాడు. వారం తిరక్కుండా ఆ బోర్డు మీద ఫ్లెక్సీ ఎక్కింది. పెయింటరు కుంచెలన్నీ కడిగి, గుడ్డలో చుట్టి, మంచం కిందికి తోసేశాడు.

అక్క దగ్గు చలికాలంలో మొదలయింది. జలుబన్నారు. దగ్గులో ఎరుపు కనపడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఫొటోలు తీసి, ఊపిరితిత్తుల్లో పుండు పెద్దదైపోయింది, ఇంటికి తీసుకెళ్ళి కావలసింది పెట్టండన్నారు. కొడుకు బస్సు వదిలి వచ్చాడు, కోడలు పిల్లని తీసుకుని వచ్చింది. అక్క పిల్లని దగ్గరికి రానిచ్చేది కాదు. చెయ్యి తగిలితే ఏమన్నా అవుతుందేమోనని భయపడినట్టు, మంచం ఆ వైపుకి జరిగిపోయేది.

పెయింటరు పిండిమర ఆయన ఇంటికెళ్ళి, తాళం తీయించి, రోజూ ఓ చెంబు నీళ్ళు తెచ్చేవాడు. పిండిమర ఆయన ఆ ఒక్క చెంబుకీ ఎన్నడూ విసుక్కోలేదు. అక్క రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది.

ఓ పగటిపూట ఇంట్లో వాళ్ళంతా భోజనాల దగ్గర ఉన్నారు. అక్క తమ్ముణ్ణి సైగ చేసి పిలిచింది.

"ఇవి గొంతు దిగడం లేదురా. ఉప్పు. పుండు మీద పోసినట్టుంది."

"మరేం తేను?"

"నీకు తెలీదా?"

అతను చెంబు మీద మూత పెట్టాడు.

"ఇప్పుడు ఇంకేం అవుతుందిరా నాకు? డాక్టరేమన్నాడు, కావలసింది పెట్టమన్నాడు కదా. ఓ గ్లాసెడు. చల్లగా, అప్పటికప్పుడు కొట్టినవి."

పెరట్లోకి వెళ్ళాడు. ఎర్ర రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. పిడి రెండు చేతులా పట్టుకుని కొట్టాడు. చేతులకి ఆ చల్లదనం కూడా సరిగ్గా తెలియలేదు. అక్క తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో పోశాడు. ఒక్కొక్క చెంచా ఆవిడ నాలుక మీద కాసేపు ఉంచుకుని మింగింది. చెంచా వణికి సగం నీళ్ళు మెడ మీదికి కారిపోతున్నాయి.

"మీ బావకి కూడా తెలుసురా," అంది ఉన్నట్టుండి.

"ఏం తెలుసు?"

"ఈ నీళ్ళు ఎంత బావుంటాయో." అని కళ్ళు మూసుకుంది. ఆవిడ అనబోయింది అదేనో, మధ్యలో మాట మార్చిందో అతనికి ఎన్నటికీ తెలియలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పోశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే పోయింది.

ఆ నీళ్ళు తనే పోశానని అతను పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ఇల్లు మేనల్లుడికి వచ్చింది. వాళ్ళు ఉండరు, అద్దెకిచ్చేస్తామన్నారు. పెయింటరు అతణ్ణి పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, ముందా బోరింగు పీకించెయ్యరా."

"బోరింగు లేని ఇల్లు ఎవరు తీసుకుంటారు మామయ్యా?"

"మీ అమ్మానాన్నలిద్దరూ..."

"తెలుసు మామయ్యా." అతను ఇంటి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "గిన్నెలకీ బట్టలకీ వాడుకుంటారు. తాగొద్దని చెబుతాలే." చెప్పే ఉంటాడు. పెయింటరు నీళ్ళ ఆఫీసుకి కూడా పోయాడు. మెత్తగా మాట్లాడే ఆ అమ్మాయి ఎప్పుడో బదిలీ అయిపోయింది. అక్కడున్నాయన రంగు వేయించడం వరకే మా పని, పీకడం మా పని కాదు అన్నాడు. కనీసం రంగయినా మళ్ళీ వేయిస్తారా అంటే, ఎవరన్నా పెయింటరు ఉంటే చెప్పమన్నాడు. పెయింటరు చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చేశాడు.

అద్దెకి దిగింది మిషను మీద బట్టలు కుట్టే ఆవిడ. మొగుడు ఎక్కడో పనిలో ఉంటాడు, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. వానలకి రంగు వెలిసి బోరింగు ఎర్రదో తుప్పుదో పోల్చుకోలేకుండా ఉంది. ఓ ఉదయం పెయింటరు అటుగా వెళుతూ ఆ గచ్చు మీద మళ్ళీ రెండు మూడు బిందెలు చూశాడు. వీధిలోవాళ్ళవే. పిండిమర గేటు ఈమధ్య పూర్తిగా మూసేశారు. ఆయన కొడుకులు మర అమ్మేస్తున్నారట.

ఇంటికెళ్ళి పానా పట్టుకొచ్చాడు. పిడి ఊడదీసి పట్టుకుపోదామని ఆలోచన. నట్టుకి పానా తగిలించాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బలం పెడితే వేళ్ళు జారిపోయాయి, పానా గచ్చు మీద ఖంగుమని పడింది. తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. చప్పుడుకి కుట్టే ఆవిడ పిల్లని చంకనేసుకుని బయటికొచ్చింది.

"ఎవరు కావాలి బాబాయిగారూ?"

అతను చెప్పాడు. అక్క సంగతి, బావ సంగతి. అరిచేతులు చాపి చూపించాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. చేతులు చూసి అయ్యో అంది. పిల్లని రెండో చంకకి మార్చుకుంది.

"ఇంటాయన చెప్పాడండీ తాగొద్దని. మేము మాత్రం కావాలని తాగుతున్నామా? మరి ఎక్కడ తెచ్చుకోమంటారో మీరే చెప్పండి. చెబితే రేపట్నుంచీ అక్కడికే వెళతాను."

అతను వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇల్లిల్లూ మనసులో తిరిగి వచ్చాడు. పిండిమర గేటు, ఆగిపోయిన నీళ్ళ మిషను, ఈల వేసే కుళాయిలు. ఆవిడ జవాబు కోసం చూస్తోంది. వెటకారం లేదు ఆ చూపులో. నిజంగానే అడిగింది.

లోపల రెండో పిల్ల ఏడుపందుకుంది. పొయ్యి మీద ఏదో అడుగంటిన వాసన.

"కాస్త జరగండి బాబాయిగారూ," అంది ఆవిడ మెల్లిగా, గచ్చు మీది బిందె బోరింగు కిందికి జరిపి. అతను పానా తీసుకుని పక్కకి జరిగాడు. ఆవిడ పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది.